ఎందుకు వెళ్ళావని మొదటే అడక్కు

చి. హరితకు పెదనాన్న ఆశీస్సులు.

నీ పరిశోధనకు తయారుచేసి పంపిన ప్రశ్నావళి చదివాను. ఐర్లండ్ కుర్రకారు ఇష్టపడి దేశం దాటుతున్నారా, గతిలేక దాటుతున్నారా అన్న విషయం మంచిది. కార్క్‌లో ఉండి చేస్తున్నావు కాబట్టి మనుషులూ దొరుకుతారు. కానీ మొదటి ప్రశ్న తీసేయి. "ఇష్టపడి వెళ్ళారా, తప్పక వెళ్ళారా?" అని రెండు గడులు గీసి టిక్కు పెట్టమంటే పాతికేళ్ళవాడు ఎవడూ తనను తరిమేశారని ఒప్పుకోడు. వాళ్ళమ్మను అడిగితే అదే పిల్లవాడి గురించి "ఇక్కడ ఏం పని ఉందని ఉంటాడు?" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పరు. ఆ దేశంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పటినుంచో తయారుగా ఉన్నాయి, అంతే.

ఒకటి కరువు నాటిది. 1845 నుంచి 1852 దాకా పది లక్షలమంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. ఐరిష్ భాషలో వలసపోయినవాణ్ణి 'డ్యోరీ' అంటారు, దేశబహిష్కృతుడికీ అదే మాట. రెండోది మంత్రుల నోట వినపడేది. 1987లో బ్రయన్ లెనిహన్ ఈ చిన్న దీవిలో అందరం ఉండలేం కదా అన్నాడు. 2012 జనవరిలో ఆర్థికమంత్రి మైకేల్ నూనన్, కొందరికి ఇది స్వేచ్ఛగా ఎంచుకున్న జీవనశైలి అన్నాడు. అప్పుడు దేశంలో నిరుద్యోగం 15 శాతం దగ్గర ఉంది. ఆ మాట ఎంతమందిని గాయపరిచిందో అప్పటివాళ్ళతో మాట్లాడితే నీకే తెలుస్తుంది. నువ్వు నేరుగా అడిగావా, ఈ రెండింట్లో ఏదో ఒకటి నీ చేతిలో పెడతారు.

అందుకని కారణం అడక్కుండా క్యాలెండర్ అడుగు. ఒక ఎ4 కాగితం అడ్డంగా తిప్పి, విమానం ఎక్కిన నెల నుంచి వెనక్కి పన్నెండు నిలువు గడులు గీయి. అడ్డంగా ఐదు వరసలు: పని (వారానికి ఎన్ని గంటలు, కాంట్రాక్టు ఎన్ని నెలలకు), చేతికొచ్చిన డబ్బు (జీతమా, డోల్ అనే నిరుద్యోగ భృతా), పడుకున్న చోటు (అద్దె గదా, అమ్మానాన్నల ఇంట్లో చిన్నప్పటి గదా), అప్పటికే వెళ్ళిపోయిన స్నేహితులు, వెళ్ళడానికి వేసిన అడుగులు (వీసా దరఖాస్తు, టికెట్టు, కారు అమ్మడం). పెన్సిలుతోనే నింపు. మాట్లాడుతూ మాట్లాడుతూ "కాదు కాదు, ఆ పని మార్చిలోనే పోయింది" అని తప్పకుండా దిద్దుకుంటారు. ఆ దిద్దుబాటును చెరిపేయకు, పక్కన రాసుకో.

నింపిన కాగితం ఎలా చదవాలో ఊహించిన ఉదాహరణతో చెబుతాను. 2010, మేయో కౌంటీ, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్. నాలుగేళ్ళ శిక్షణలో కొంతకాలం పనిలో, కొంతకాలం తరగతిలో ఉండాలి. మధ్యలో యజమాని కంపెనీ మూసేశాడు. తరువాతి దశకు సైటు కావాలి, సైట్లు లేవు. పని వరసలో మేలో సున్నా. స్నేహితుల వరసలో జూన్‌లో ఇద్దరు, ఆగస్టులో నలుగురు. వీసా దరఖాస్తు సెప్టెంబరులో. నవంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్. ఆ మనిషిని అడిగితే "కుర్రాళ్ళందరూ వెళ్తున్నారు, సరదాగా ఉంటుందని వెళ్ళాను" అంటాడు. సరదా నిజమే. కానీ మే నెల సున్నాకీ సెప్టెంబరు దరఖాస్తుకీ మధ్య నాలుగు నెలలు ఇక్కడే పని వెతికాడా అని అడుగు, ఎన్నిచోట్లకు వెళ్ళాడో అడుగు. జవాబు అక్కడుంది.

దరఖాస్తు పని పోకముందే పడి ఉంటే కథ వేరు. అయితే ఉద్యోగం ఉందని తెలియగానే ఇష్టం గడిలో వేసెయ్యకు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. మీ కార్క్ యూనివర్సిటీవాళ్ళే 2013లో వెలువరించిన సర్వేలో, వెళ్ళినవాళ్ళలో 47 శాతం మంది వెళ్ళేముందు పూర్తికాలపు ఉద్యోగంలో ఉన్నారు. ఈ ఒక్క అంకెను ఇరుపక్షాలూ వాడుకోవచ్చు. ఎలాంటి ఉద్యోగమో అడిగితేనే అర్థమవుతుంది. 2011 జనవరి నుంచి ప్రభుత్వ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళకంటే 10 శాతం తక్కువ జీతం పెట్టారు. ఒకే వార్డులో, ఒకే పనిచేసే ఇద్దరు నర్సుల్లో తర్వాత చేరినదానికి తక్కువ వచ్చేది. పనిలేనివాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2014లో కొత్తగా డోల్‌కు వచ్చిన పాతికేళ్ళలోపువాళ్ళలో చాలామందికి వారానికి 100 యూరోలే, పూర్తి రేటు 188 అయినా. వయసును బట్టి కోత పెట్టి, వెళ్తే మీ ఇష్టం అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. నువ్వు నాతో ఏకీభవించనక్కర్లేదు, కానీ పుట్టిన నెల మాత్రం తప్పక రాసుకో. వీసాలోనూ వయసుంది. సెలవు గడుపుతూ పనిచేసుకోనిచ్చే ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసాకు ఐరిష్‌వాళ్ళకు పరిమితి 30 ఏళ్ళు ఉండేది, 2018లో 35 చేశారు. 31 నిండబోతున్నాయని హడావిడిగా వెళ్ళినవాణ్ణి ఏ గడిలో వేస్తావు?

ఇప్పటివాళ్ళను అడిగేటప్పుడు బరువంతా మూడో వరస మీద పెట్టు. నిరుద్యోగం నాలుగైదు శాతానికి దిగింది, పని దొరుకుతుంది, ఇల్లే దొరకదు. 2022 జనగణనలో 5 లక్షల 20 వేలకు పైగా పెద్దవాళ్ళు తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నారని తేలింది. డబ్లిన్‌లో పర్మనెంటు ఉద్యోగం ఉన్న టీచర్ దుబాయ్ వెళ్ళిందనుకో. రాజీనామా చేసిందా, కెరీర్ బ్రేక్ (ఉద్యోగం పోకుండా తీసుకునే దీర్ఘ సెలవు) పెట్టిందా అని అడుగు. బ్రేక్ పెడితే తలుపు తెరిచి ఉంచుకున్నట్టు. తరవాత, ఇంటి ధరలో పదోవంతు చేతిలో ఉంటేగాని బ్యాంకు తలుపు తీయదు కదా, ఆ మొత్తం డబ్లిన్ అద్దె కడుతూ ఎన్నేళ్ళకు కూడేది, దుబాయ్‌లో ఎన్నేళ్ళకు అని ఆమె చేతనే లెక్క వేయించు. ఆ లెక్క కాగితం వెనక రాయించుకో.

ఇక గణాంకాలు. ఐర్లండ్ కేంద్ర గణాంక కార్యాలయం లెక్క ఏప్రిల్ నుంచి ఏప్రిల్‌కు నడుస్తుంది, జనవరి నుంచి కాదు. 2013 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదికి అప్పట్లో విడుదలైన లెక్కలో 50,900 మంది ఐరిష్ పౌరులు వెళ్ళారు, 15,700 మంది తిరిగొచ్చారు. 2024 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో 34,700 మంది వెళ్ళారు, 30,000 మంది తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళ సంఖ్య ఒక్కటే చూస్తే రెండు కాలాలకూ తేడా మూడోవంతే. వెళ్ళిన వందకు తిరిగొచ్చినవాళ్ళు అప్పుడు 31, ఇప్పుడు 86. తిరిగి రాగలగడం ఇష్టానికి ఒక గుర్తు. కాకపోతే ఆ ఏడాది వచ్చినవాళ్ళు ఆ ఏడాది వెళ్ళినవాళ్ళే కారు, ఆ మాట వాక్యం పక్కనే రాయి. ఈ అంకెలు అంచనాలు, జనగణన తర్వాత వెనక్కి వెళ్ళి సవరిస్తారు. ఏ విడుదలలోని అంకె అన్నది రాయకపోతే వైవాలో పట్టుకుంటారు.

ఎవరిని అడగాలి? 24 మంది చాలు. 2009-13లో వెళ్ళినవాళ్ళు ఎనిమిది, 2022 తర్వాత వెళ్ళినవాళ్ళు ఎనిమిది, వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళు ఎనిమిది. చివరి ఎనిమిదిని వదిలేస్తారు అందరూ. వెళ్ళినవాడి అన్నో చెల్లెలో అదే ఇంట్లోంచి, అదే చదువుతో ఎలా ఉండగలిగారో తెలియకపోతే, వెళ్ళినవాడికి ఉండే దారి ఉందో లేదో నువ్వెలా చెబుతావు? ఫేస్‌బుక్ గుంపుల్లో మాత్రమే వెతక్కు, బాగా స్థిరపడినవాళ్ళే ముందు చెయ్యెత్తుతారు. ఊరి గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లండ్ వాళ్ళ సొంత ఆట) క్లబ్బు సెక్రటరీని పట్టుకో. జట్టులోంచి ఎవరు ఎప్పుడు వెళ్ళారో ఆయనకు నోటికి ఉంటుంది.

క్రిస్మస్‌కు ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ వంటింట్లో కూర్చుని మాట్లాడకు. తల్లి వింటుంటే "ఐయామ్ గ్రాండ్" అంటారు. ఆ మాటకు గొప్పగా ఉన్నానని అర్థం కాదు, బాగానే ఉన్నా, ఇక అడక్కు అని. గంటంబావు ఒంటరిగా, ఫోన్లో అయినా సరే. పెర్త్ మీకంటే వేసవిలో ఏడు, చలికాలంలో ఎనిమిది గంటలు ముందుంటుంది. గనుల్లో పనిచేసేవాళ్ళయితే షిఫ్టు వారాల్లో మాట్లాడలేరు, సెలవు వారం కనుక్కో. అమెరికాలో కాగితాల్లేకుండా ఉన్నవాళ్ళు తగిలితే వీసా ప్రశ్న అడగనే అడక్కు, రికార్డు చెయ్యకు. ఎవరిదైనా సరే ఊరి పేరు రాయకు, కౌంటీ చాలు. "గోల్‌కీపర్, పెర్త్ వెళ్ళాడు" అని రాస్తే ఆ పారిష్‌లో (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ళలో) పిల్లాడికి కూడా ఎవరో తెలిసిపోతుంది.

చివర్లో ఒకే ప్రశ్న అడుగు: "వచ్చే నెలే తిరిగి రావాలంటే ఏమేమి ఉండాలి?" ఊరుకుని విను, సాయం చెయ్యకు. వాతావరణం, స్నేహితులు అన్నవాళ్ళు వేరు, "ఇల్లు" అని ఒక్క మాటతో ఆగినవాళ్ళు వేరు. ఒక మనిషికి ఒకే గడి ఇవ్వకు. వెళ్ళిన రోజు ఎలా, ఏడాదికి ఎలా, ఇవాళ ఎలా అని మూడుసార్లు రాయి. సరదాకి రెండేళ్ళని వెళ్ళినవాడు ఇల్లు కొనలేక ఉండిపోవచ్చు. తప్పక వెళ్ళినవాడు సిడ్నీలో పెళ్ళిచేసుకుని ఇష్టపడి ఉండిపోవచ్చు.

ముందు ఇద్దరితో మాట్లాడి, నింపిన రెండు కాగితాలూ ఫోటో తీసి పంపు. వరసలు మార్చాలంటే మూడో మనిషికి ముందే మార్చుకుందాం.

నీ పెదనాన్న