స్పానిష్ నేర్చుకోవడానికి వెళ్తే హాస్టల్లోనా, ఇంట్లోనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ స్పానిష్ రెండో ఏడాది చదువుతున్నాను. వ్యాకరణంలో మార్కులు బాగానే వస్తాయి, కానీ ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే నోరు పెగలదు. జులైలో నాలుగు వారాలు స్పెయిన్‌లోని సాలమంకలో కోర్సు చేద్దామనుకుంటున్నా. అక్కడి కుటుంబంతో ఉంటారా, హాస్టల్లోనా అని అడుగుతున్నారు. నా క్లాస్‌మేట్ కూడా వస్తోంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుందని అమ్మ అంటోంది. మాంసం, చేపలు తినను, గుడ్డు తింటాను. నాలుగు వారాలు సరిపోతాయా?
– ఎస్., హైదరాబాద్

జవాబు: కుటుంబంతోనే ఉండమ్మా, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. క్లాస్‌మేట్‌తో ఒకే ఇంట్లో మాత్రం వద్దు. ఒకే ఊళ్లో ఉండండి, సాయంత్రాలు ఊరి నడిబొడ్డు కూడలి ప్లాసా మయోర్ దగ్గర కలుసుకోండి, కానీ ఇళ్లు వేరుగా ఉండాలి. ఇద్దరు తెలుగు పిల్లలు ఒక గదిలో ఉంటే పగలంతా నేర్చుకున్నది రాత్రికి తెలుగులో కరిగిపోతుంది. ఫారం నింపేటప్పుడే ఆ ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారో అడుగు. వేసవిలో కొన్ని ఇళ్లలో ఇద్దరు ముగ్గుర్ని పెడతారు, వాళ్లందరూ ఇంగ్లీషులోకి దిగిపోతే నువ్వు హాస్టల్లో ఉన్నట్టే లెక్క. ఒక్కదానివే ఉండేలా అడుగు, కుదరకపోతే ఇంగ్లీషు అంతగా రాని దేశం పిల్లతో ఉన్నా మంచిదే.

నీ ఊరి ఎంపిక బాగుంది. 1218లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరది, విదేశీ విద్యార్థులు అక్కడివాళ్లకు కొత్త కాదు, నడిచి తిరగగలిగినంత చిన్నది. దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి పగలు ఎండ మండినా రాత్రి చల్లబడుతుంది. ఇంట్లో ఏసీ ఉంటుందని మాత్రం అనుకోకు, ఎండ రాకుండా మధ్యాహ్నమంతా కిటికీ తెరలు దించేసి ఉంచుతారు.

అసలు విషయం భోజనాల దగ్గర ఉంది. మధ్యాహ్న భోజనం రెండున్నరకో మూడుకో, రాత్రిది తొమ్మిదిన్నర దాటాక. జులైలో అక్కడ పొద్దు గుంకేదే పదింటికి కాబట్టి వాళ్లకది ఆలస్యం కాదు. తినడం అయ్యాక ప్లేట్లు తీయకుండానే అరగంట, గంట కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. పొద్దున క్లాసులో నాలుగు గంటలు విన్నదానికంటే ఆ గంటే నీ నోరు విప్పుతుంది. అక్కడో చిక్కుంది. వేసవిలో మన టైము వాళ్ల కంటే మూడున్నర గంటలు ముందుంటుంది కదా, వాళ్లకు మూడున్నర అయ్యేసరికి హైదరాబాద్‌లో సాయంత్రం ఏడు, సరిగ్గా అమ్మ ఫోన్ చేసే వేళ. ఫోన్ మోగగానే నువ్వు లేచి గదిలోకి వెళ్లిపోతావు, ఆ గంట పోతుంది. అమ్మకు ముందే చెప్పు, రోజూ నువ్వే క్లాసుకి వెళ్లేముందు చేస్తానని. అక్కడ ఎనిమిదిన్నర అంటే మనకు మధ్యాహ్నం పన్నెండు.

తిండి గురించి. ‘శాకాహారిని’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. పంది మాంసంతో చేసే హమోన్‌ని మాంసం లెక్కలోకి తీసుకోనివాళ్లు అక్కడ చాలామంది, పప్పులాంటి లెంతేహాస్‌లో పంది మాంసం సాసేజ్ చోరీసో ముక్కలు వేయడం మామూలే, చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద హమోన్ తురిమి ఇస్తారు. అందుకే ‘నో కోమో కార్నే, నీ పెస్కాదో, నీ హమోన్, నీ చోరీసో’ అంటే మాంసం, చేపలు, హమోన్, చోరీసో ఏవీ తిననని ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పు, కోర్సువాళ్లతో ముందుగా ఆ ఇంటికి రాయించు కూడా. గుడ్డు తింటావు కాబట్టి బంగాళాదుంప ఆమ్లెట్ తోర్తియా నిన్ను కాపాడుతుంది. చల్లటి కూరగాయల సూప్ గస్పాచో, కూరగాయల కూర పిస్తో, శనగలు ఉండనే ఉన్నాయి. చారు పొడి ఒక ప్యాకెట్ పట్టుకెళ్లు, ఒకరోజు నువ్వే వండిపెడతానంటే ఆ పూటంతా ప్రశ్నలే, మాట్లాడక తప్పదు.

ఇంటావిడతో మార్కెట్‌కి వెళ్లు. పళ్ల కొట్టు దగ్గర లైను కనిపించదు, వచ్చినవాళ్లు ‘కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?’ అంటే చివర ఎవరున్నారని గట్టిగా అడుగుతారు, ఎవరో చెయ్యెత్తుతారు, వాళ్ల తర్వాత నీ వంతు. మొదటి వారంలోనే ఆ ప్రశ్న అంతమందిలో నువ్వు అడిగావంటే సగం భయం పోయినట్టే. ఇంకో మాట, కొన్నాళ్లకు ఇంటివాళ్లకు నీ తప్పుల స్పానిష్ అలవాటైపోయి సరిదిద్దడం మానేస్తారు. తప్పు చెబితే ఆపమని నువ్వే అడగాలి.

నాలుగు వారాల్లో ఒక లెవెల్ మొత్తం ఎక్కేస్తానని ఆశ పెట్టుకోకు. నోరు పెగలడం మాత్రం తప్పకుండా జరుగుతుంది, నీకు కావలసింది అదే కదా. కోర్సు 90 రోజుల లోపే కాబట్టి షెంగెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడి) షార్ట్ స్టే వీసా చాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, వేసవి రద్దీ మొదలయ్యేదాకా ఆగకు.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో నర్సు. రోగుల కోసం స్పానిష్ నేర్చుకుంటోంది. సెలవుల్లో స్పెయిన్ వెళ్లాలా, మెక్సికోనా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మెక్సికోకే పంపండి సార్. ఆమె దగ్గరికి వచ్చే స్పానిష్ మాట్లాడే రోగుల్లో ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్లే అయివుంటారు, ఆ యాస, ఆ మర్యాద మాటలు ఆ ఇళ్లలోనే పట్టుబడతాయి. స్పెయిన్‌లో చనువున్న నలుగురిని ‘మీరంతా’ అని పిలిచే ‘వోసోత్రోస్’ మెక్సికోలో వాడరు, అక్కడంతా ‘ఉస్తేదెస్’. గ్వానహ్వాతో, వహాకా లాంటి ఊళ్లలో కుటుంబాలతో ఉంటూ చదువుకోవచ్చు. పూర్తిగా ఒక టీచరు ఒక విద్యార్థి పద్ధతి కావాలంటే గ్వాతెమాలాలోని ఆంతిగ్వా దానికి పేరున్న ఊరు. మీ అమ్మాయి శాకాహారి అయితే చిక్కుడు గింజల కూర తినేముందు ‘మంతేకా’ వేశారా అని అడగమనండి, అది పంది కొవ్వు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు, తిరిగి అమెరికాలోకి వెళ్లే కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం టికెట్ కొనకముందే చూసుకోమనండి.