బాత్రూమ్ ఫిట్టింగ్స్‌కి 1,15,000 పెట్టొచ్చా? ముందు గోడలోకి పోయేదాని లెక్క చూడండి

మీరు అడిగింది ఇదీ: పన్నెండేళ్ల నాటి ఫ్లాట్‌లో 5 అడుగులకు 8 అడుగుల బాత్రూమ్ మొత్తం మార్చడానికి కాంట్రాక్టర్ 2,40,000 చెప్పారు. ఫిట్టింగ్స్‌ 1,15,000, లేబర్‌ 60,000, టైల్స్‌ 45,000, ఇతర ఖర్చులు 20,000. వాటర్‌ప్రూఫింగ్ "అందులోనే వచ్చేస్తుంది" అన్నారు. ఇంట్లో డెబ్బై దాటిన అత్తగారు ఉన్నారు. ఇంత పెట్టడం దండగ అవుతుందా?

మొత్తం మరీ ఎక్కువని నేననను. ఆ డబ్బు పంచిన తీరే నాకు నచ్చలేదు. టైల్ వెనకా, నేల కిందా మూసుకుపోయేవాటికి ముందు డబ్బు తీసి పక్కన పెట్టండి. స్పానర్‌తో విప్పి రేపెప్పుడైనా మార్చుకోగలిగేవాటికి మిగిలింది పెట్టండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న లెక్క.

మాది కూకట్‌పల్లిలో 2004లో కట్టిన అపార్ట్‌మెంట్. 2016లో మొదటి బాత్రూమ్ చేయించినప్పుడు రెండు శనివారాలు ట్రూప్ బజార్‌లో తిరిగి, పెద్ద రెయిన్ షవర్, గోడకు బిగించే బేసిన్, తళతళలాడే కుళాయిలు కొన్నాం. ఒక్క ఫిట్టింగ్స్‌కే 64,000 అయింది. అప్పటికే చెయ్యి దాటిపోయిందన్న టెన్షన్‌లో ఉన్నాను. ప్లంబర్ వచ్చి, "సార్, డైవర్టర్ బాడీ గోడలో పోయేదే కదా, ఎవరు చూస్తారు? లోకల్‌ది వేసేద్దాం, 1,800 మిగులుతుంది" అన్నాడు. డైవర్టర్ అంటే వేడి, చల్లని నీళ్లు కలిపి షవర్‌కో కుళాయికో పంపే వాల్వు. సరే అన్నాను. పైపులకు ప్రెషర్ టెస్ట్ పెడితే ఇంకో రోజు ఆలస్యమవుతుందంటే దానికీ సరే అన్నాను.

రెండేళ్లకు కింది ఫ్లాట్ పెద్దావిడ పైకొచ్చి, వాళ్ల సీలింగ్ మీద మచ్చ చూపించారు. వానాకాలం కదా, బయటి గోడ చెమ్మేమో అనుకున్నాం. జనవరికి కూడా అది ఆరలేదు. చివరికి టైల్ పగలగొడితే, డైవర్టర్ బాడీకి పైపు కలిసే జాయింట్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ఆ డిజైన్ టైల్ కంపెనీ ఆపేసింది, ఎక్కడా దొరకలేదు. ఒక గోడ మొత్తం కొత్తగా వేయాల్సి వచ్చింది. కింది వాళ్ల సీలింగ్‌కి పుట్టీ, పెయింట్ కూడా మేమే చేయించాం. 1,800 మిగిల్చుకున్నందుకు 38,000 కట్టాను. ఆవిడ ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. కానీ ఆ ఇంట్లో అయిదు నెలలు ఆ మచ్చ కిందే అన్నాలు తిన్నారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మీ కొటేషన్‌లో నేను ముందు ఆగింది "అందులోనే వచ్చేస్తుంది" అన్న మాట దగ్గర. కొటేషన్‌లో విడిగా రాయని వాటర్‌ప్రూఫింగ్ అంటే చాలాసార్లు సిమెంట్‌లో ఇంత లిక్విడ్ కలిపి పూసి అయిందనిపించడమే. ఏం మెటీరియల్, ఎన్ని పూతలు, గోడ మీదికి ఎంత ఎత్తు, ఈ మూడూ రాసిమ్మనండి. షవర్ ఉన్న గోడకు ఆరడుగుల దాకా, మిగతా గోడలకు కనీసం అడుగు పైకి వేయించాలి. పైపు నేలలోంచి వచ్చే చోట, నేలా గోడా కలిసే మూల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి, లీకులు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. కోటింగ్ ఆరాక, నేల మీది నీళ్లు పోయే నహాని ట్రాప్‌ మూసి, రెండు అంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదిలేయాలి. కింది వాళ్ల అనుమతి తీసుకుని వాళ్ల సీలింగ్‌ చూడాలి. ఆ పరీక్ష అయ్యేదాకా ఒక్క టైల్ కూడా అంటించనివ్వకండి. మేస్త్రీలు తొందరపెడతారు, వాళ్లకు ఇంకో సైట్ ఉంటుంది. మీరు మెత్తబడకండి.

తర్వాత పైపులు. ఇప్పుడున్నవి పాత జీఐ (జింక్ పూత ఇనుప) పైపులైతే, వాటిని ఉంచి కొత్త కుళాయిలు బిగించడం నిజంగానే దండగ. లోపల తుప్పు పట్టి దారి సన్నబడుతుంది, ఆ తుప్పు రవ్వలు కొత్త కుళాయి లోపల నీటిని తెరిచి మూసే కార్ట్రిడ్జ్‌లోకి చేరతాయి. వేడినీళ్లకూ తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించండి. కుళాయి బిగించే ప్రతి పాయింట్ దగ్గరా ఇత్తడి మర ఉన్న మలుపు ముక్కే (ఎల్బో) వేయమనండి. ప్లాస్టిక్ మర ఉన్నది కాస్త గట్టిగా తిప్పితే చీలుతుంది. ఒక బాత్రూమ్‌కి ఈ తేడా వెయ్యీ రెండు వేలే. గోడ మూసేలోపు చేత్తో కొట్టే టెస్ట్ పంపుతో పైపుల్లో ప్రెషర్ ఎక్కించి రాత్రంతా ఉంచి, తెల్లారి ప్రెషర్ మీటర్ ముల్లు దిగిందేమో చూడాలి. రెండోసారి నేనే పొద్దున ఆరింటికి లేచి చూశాను.

ఇక ఆ 1,15,000. ఏ కంపెనీ మంచిదని చాలామంది అడుగుతారు. జాక్వార్, సెరా, హింద్‌వేర్, ప్యారీవేర్, కోహ్లర్, అన్నిటిలోనూ తక్కువ శ్రేణీ ఉంది, ఎక్కువ శ్రేణీ ఉంది. షాపులో కుళాయిని చేతిలోకి తీసుకుని బరువు చూడండి. ఇత్తడి బాడీ బరువుగా ఉంటుంది, నికెల్ క్రోమ్ పూసిన ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటుంది. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ మనిషి వస్తాడా, ఆ మోడల్ కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందా అని అడగండి. నాకైతే బ్రాండ్ కంటే ఈ రెండే ముఖ్యం. గోడలో ఉండే డైవర్టర్ బాడీ, గీజర్ పాయింట్లు, గోడ బయట నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్‌లు పేరున్న కంపెనీవే కొనండి. బయట కనిపించే షవర్ హెడ్, హెల్త్ ఫాసెట్, టవల్ రాడ్, సబ్బు స్టాండ్ మధ్యరకం చాలు. హెల్త్ ఫాసెట్ ట్యూబ్ ఎంత ఖరీదుదైనా కొన్నేళ్లకు మార్చాల్సిందే.

ఆ కొటేషన్‌లో రెయిన్ షవర్ ఉంటే, మీది ఏ అంతస్తో చూసుకుని నిర్ణయించుకోండి. ట్యాంకులో నీటి మట్టం షవర్ కంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటేనే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. ట్యాంకు కిందే ఉండే చివరి అంతస్తులో ఆ తేడా దాదాపు మూడు మీటర్లే ఉంటుంది, అంటే 0.3 బార్. ఆ ప్రెషర్‌కి పెద్ద షవర్ నుంచి నీళ్లు ధారలుగా కారతాయి, వానలా పడవు. ప్రెషర్ పంపు పెట్టాలంటే దాని ఖర్చు, కరెంటు పాయింట్ కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

నీళ్ల సంగతి కూడా. మాకు మంజీర కుళాయి నీళ్లు చాలక బోరు నీళ్లు కలుపుతారు. మూడు నెలలకే షవర్ రంధ్రాల్లో తెల్లటి పొర కడుతుంది. రబ్బరు రంధ్రాలున్న షవర్ అయితే వేలితో రుద్దితే పోతుంది. మిగతావి విప్పి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడితే చాలు. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం తాకనివ్వకండి, పూత లేచిపోతుంది. నల్లరంగు ఫిట్టింగ్స్ మీద ఉప్పునీటి మరకలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. బోరు నీళ్లుండి ఆ రంగుకు ఎక్కువ డబ్బు పెట్టొద్దనే నా మాట.

కమోడ్ గురించి ఒక్క ముక్క. నేల మీద పెట్టేది మారుస్తుంటే, గోడ నుంచి అవుట్‌లెట్ మధ్యకు ఎంత దూరముందో టైల్ మందం కూడా కలుపుకుని కొలిచి కొనండి. గోడకు వేలాడే రకానికి, గోడ లోపల దాగే ఫ్లష్ ట్యాంకుకి నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా చాలదు, ముందు ఇంకో చిన్న గోడ కట్టాలి. 5 అడుగుల వెడల్పులో ఆ స్థలం పోవడం ఇష్టమేనా, ఆలోచించుకోండి.

టైల్స్ లెక్క మీరే చూసుకోవచ్చు. ఏడడుగుల ఎత్తు వరకు నాలుగు గోడలు, తలుపు తీసేస్తే, దాదాపు 165 చదరపు అడుగులు. నేల 40. తరుగుతో కలిపి 220 అనుకోండి. 45,000ని దాంతో భాగిస్తే అడుగుకి 205 దాకా వస్తోంది. అంటించే కూలి 60,000లోనే ఉంటే, ఈ 205 టైల్‌కీ జిగురుకీ మాత్రమే. నేను 2022లో కొన్న టైల్ అడుగు 62. కాబట్టి ఏ టైల్, డబ్బాకు ఎంత అని బిల్లు అడగండి. ఫిట్టింగ్స్‌కి కూడా కేటలాగ్ ధర రాసి ఉంటే, షాపుకి వెళ్లి అదే మోడల్ నంబరు చెప్పి ధర కనుక్కోండి. తగ్గింపు ఎంతో, అది ఎవరి జేబులోకి పోతోందో అప్పుడు తెలుస్తుంది.

లేబర్ 60,000లో మాత్రం గీచి బేరం ఆడకండి. పాతది పగలగొట్టడం, మట్టి మూటలు కట్టి కిందికి దించడం, గాడి కొట్టడం, పైపులు, టైల్స్, బిగింపు అన్నీ అందులోనే ఉంటే, ఆ పని మంచి మేస్త్రీ చేస్తే అది న్యాయమైన డబ్బే. నీళ్లు ట్రాప్ వైపు పోయేలా నేల వాటం సరిగ్గా తీసే మనిషి దొరకడమే కష్టం. టైల్ అతికించాక బకెట్ నీళ్లు పోయించి చూడండి, ఎక్కడా నిలవకుండా ట్రాప్‌లోకి పోవాలి. చివరి 15,000 ఈ పరీక్ష అయ్యాకే ఇవ్వండి.

2022లో రెండో బాత్రూమ్ అమ్మ కోసం చేయించాం. 1,72,000 అయింది. ఫిట్టింగ్స్ 58,000, పైపులూ ప్లంబింగూ 41,000, వాటర్‌ప్రూఫింగ్ 16,000, టైల్స్ కూలితో 45,000, మిగతా కరెంటు పని, మట్టి ఎత్తడం. కమోడ్ పక్కనా, షవర్ దగ్గరా పట్టుకునే కడ్డీలు, గరుకు టైల్, తలుపు దగ్గర గడప ఎత్తు తగ్గించడం, ఇవన్నీ కలిపి 7,000 కూడా కాలేదు. అమ్మకు మోకాళ్లు బాగాలేవు, రాత్రి రెండు సార్లు లేస్తుంది. ఆ ఇంట్లో నేను ఖర్చుపెట్టిన ప్రతి రూపాయిలోనూ నాకు తృప్తినిచ్చింది ఆ 7,000. మీ అత్తగారి కోసం ఫిట్టింగ్స్‌లోంచి ఆ మేరకు తీసైనా ఇవి పెట్టించండి. కడ్డీ బరువు మోయాలంటే దాని వెనక గోడ గట్టిగా ఉండాలి కాబట్టి టైల్ వేయకముందే చోటు గుర్తు పెట్టించండి.

టైల్ వేసే ముందు నాలుగు గోడలకూ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టుకోండి. పైపు ఏ ఎత్తులో, మూల నుంచి ఎన్ని అంగుళాల్లో ఉందో కనిపించాలి. మొన్న అమ్మ బాత్రూమ్‌లో అద్దం బిగించడానికి వచ్చినతను డ్రిల్ పెట్టబోయిన చోట సరిగ్గా వేడినీళ్ల లైను ఉంది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే మూడంగుళాలు పక్కకు జరిపాడు.