లీటరు నూనె కిలో ఎందుకు తూగదు?

ప్రశ్న: గానుగ దగ్గర లీటరు పల్లి నూనె తెచ్చి, సీసా బరువు తీసేసి తూకం వేస్తే 910 గ్రాములే వచ్చింది. మోసపోయానా?
– ఒక గృహిణి, అచ్చంపేట

జవాబు: లేదమ్మా, మీకు కొలత సరిగ్గానే వచ్చింది. లీటరు అనేది నూనె ఆక్రమించే చోటు, అంటే ఘనపరిమాణం. కిలో దాని ద్రవ్యరాశి. ఈ రెండూ దాదాపు సమానంగా కనిపించేది నీళ్ల విషయంలోనే. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది సాంద్రత. పల్లి నూనెకు అది మిల్లీలీటరుకు సుమారు 0.91 గ్రాములు. అందుకే నీళ్లలో పోస్తే పైకి తేలుతుంది. నూనె ప్యాకెట్ల మీద లీటరు పక్కన గ్రాములు కూడా ఎందుకు ముద్రిస్తారో చూడండి. మన పాలమూరు ఎండల్లో నూనె వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే లీటరు బరువు ఆరేడు గ్రాములు తగ్గుతుంది.

అనుమానం తీరాలంటే అదే సీసాను అదే గీత దాకా నీళ్లతో నింపి తూచండి. నీళ్లు కిలోకు దగ్గరగా తూగితే సీసా కొలత నిజమే.

పిల్లలుంటే ఇంకోటి చేయించండి, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. గ్రానైటు ముక్కను ముందు కాంటా మీద పెట్టండి. 135 గ్రాములు ఉందనుకుందాం. దారం కట్టి, గీతలున్న గ్లాసులోని నీళ్లలో మెల్లగా దించండి. రాయికి చిన్న చిన్న గాలి బుడగలు అంటుకుంటాయి, గ్లాసును వేలితో తట్టి వాటిని వదిలించాలి. నీళ్లు 50 మిల్లీలీటర్లు పైకొస్తే సాంద్రత 2.7. సగం పగిలిన ముక్కకూ దాదాపు అంతే వస్తుంది.