గ్యారంటీ కాగితం చేతికొచ్చిన రోజు ఏం చూడాలి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంజనీరింగ్ డివిజన్ ఛార్జి తీసుకున్నావు కనుక ముందు బీరువాలోని గ్యారంటీలన్నీ, అంటే కాంట్రాక్టర్ల తరఫున బ్యాంకులు మనకు రాసిచ్చిన హామీ పత్రాలన్నీ, బయటికి తీయించు. కాంట్రాక్టరు సగంలో వదిలేసిపోతే, మిగతా సగం కట్టించడానికి ప్రజలకు ఉండే ఆసరా ఆ కాగితమే.

పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ, అంటే పని సరిగా పూర్తిచేస్తానని కాంట్రాక్టరు పెట్టే హామీ సొమ్ము, కేంద్ర పనులకు జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు) ప్రకారం ఇప్పుడు కాంట్రాక్టు విలువలో 3 నుంచి 5 శాతం. రాష్ట్ర పనులకు టెండరు డాక్యుమెంటులో ఉన్నదే పట్టుకో. శాతంలో ఎవరూ పొరబడరు, తేదీలోనే పొరబడతారు. బాధ్యతలన్నీ తీరాక ఇంకో 60 రోజులు అది చెల్లాలి. పని 2026 నవంబరు 30న పూర్తయి, రెండేళ్ల డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) 2028 నవంబరు 30తో ముగిస్తే, గ్యారంటీ 2029 జనవరి 29 దాకా ఉండాలి. ఈవోటీ (పని గడువు పొడిగింపు) ఇస్తే ఈ తేదీలన్నీ ముందుకు జరుగుతాయి. అందుకే పొడిగించిన గ్యారంటీ చేతికొచ్చాకే ఈవోటీ మీద సంతకం పెట్టు. సంతకం అయ్యాక అడిగితే కాంట్రాక్టరుకి తొందరేముంటుంది?

గ్యారంటీ నిజమైనదేనని కాంట్రాక్టరు తెచ్చిచ్చిన కన్ఫర్మేషన్ లెటరు లెక్కలోకి రాదు. ఇచ్చిన బ్యాంకు నుంచి మన బ్యాంకుకి ఎస్ఎఫ్ఎంఎస్ (బ్యాంకుల మధ్య నడిచే సురక్షిత సందేశ వ్యవస్థ) మెసేజ్ రావాలి. నంబరు, మొత్తం, గడువు మూడూ పోల్చు. లెటర్‌హెడ్ మీది ఫోనుకి చేయకు, కాగితం నకిలీదైతే ఆ నంబరూ వాళ్లదే.

తర్వాత వాక్యాలు చదువు. అడిగిన వెంటనే, కాంట్రాక్టరు అభ్యంతరంతో పనిలేకుండా చెల్లిస్తామని ఉండాలి. 'నష్టం రుజువైతే' అని ఒక్క ముక్క దూరినా అది షరతుల గ్యారంటీ అయిపోతుంది. కాంట్రాక్టు షరతులు మారినా హామీ రద్దు కాదన్న క్లాజు లేకపోతే, కాంట్రాక్టు చట్టం 133వ సెక్షన్ చూపించి బ్యాంకు తప్పుకుంటుంది. బ్యాంకుని సొమ్ము ఎవరు అడగాలో కూడా చూడు. 1999లో బీహార్ కేసులో చీఫ్ ఇంజనీరు అడగాల్సిన గ్యారంటీని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అడిగితే సుప్రీంకోర్టు చెల్లదంది.

బ్యాంకు గ్యారంటీకి బదులు ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండు (బీమా కంపెనీ ఇచ్చే హామీ పత్రం) తెస్తే తిప్పి పంపకు. 2022 ఫిబ్రవరి నుంచి జీఎఫ్ఆర్ దాన్నీ ఒప్పుకుంటోంది. గ్యారంటీ ఇచ్చేందుకు బ్యాంకు పట్టి ఉంచే మార్జిన్ కింద ఎఫ్‌డీలో డబ్బు ఇరుక్కోదు కనుక చిన్న కాంట్రాక్టరుకి సిమెంటుకీ కూలీలకీ చేతిలో పైకం ఆడుతుంది. వాక్యాలు మాత్రం అంతే పట్టుగా చదువు.

గడువుకి మూడు నెలల ముందు తేదీని రిజిస్టరులో ఎర్ర ఇంకుతో రాయించు. ఆ రోజే కాంట్రాక్టరుకి నోటీసు ఇవ్వు. నెల మిగిలి ఉండగా కూడా పొడిగింపు రాకపోతే, పొడిగించండి లేదా సొమ్ము చెల్లించండి అని నేరుగా బ్యాంకుకే రాయి. గడువులోపు అందినట్టు బ్రాంచి ముద్ర నీ కాపీ మీద పడాలి. పోస్టులో వేసిన తేదీ పనికిరాదు, మనిషిని పంపు.