వీర్యం ఆలస్యంగా రావడం మగతనం తగ్గడమేనా?

మిర్యాలగూడ నుంచి అడిగారు: అంగస్తంభన బాగానే ఉంది, వీర్యం మాత్రం చాలా ఆలస్యంగా వస్తోంది, ఒక్కోసారి రావడమే లేదు, మగతనం తగ్గిందా అని. కాదు. ఆరు నెలలుగా దాదాపు ప్రతిసారీ ఇలాగే ఉండి, ఇబ్బంది పెడుతుంటేనే దీన్ని సమస్యగా చూస్తారు.

ముందు మందుల చీటీ చూడండి. డిప్రెషన్‌కు, టెన్షన్‌కు వాడే సెర్ట్రలిన్, పారోక్సెటిన్ మాత్రలతో ఇది తరచూ కనిపిస్తుంది. శీఘ్రస్ఖలనానికి డాక్టర్లు వీటినే రాస్తారు కూడా! అలాగని మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టరే డోసు మార్చాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని ఇలా కావచ్చు. మద్యం, థైరాయిడ్ లోపం కూడా కారణాలే. ఒంటరిగా ఉన్నప్పుడు మామూలుగా ఉండి, భార్యతోనే ఆలస్యమైతే ఎక్కువగా అలవాటో, మనసులోని టెన్షనో కారణం.

గోడల మీది ‘గుప్త రోగాల’ ప్రకటనలు నమ్మకండి. నల్లగొండ ప్రభుత్వాసుపత్రి ఓపీలో ముందు షుగర్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి.