బీరువాను కాదు, ఇస్త్రీ మూటను అడగండి

ప్రశ్న: నా వయసు 38. కూకట్‌పల్లిలో ఉంటాం. మాదాపూర్‌లోని ఒక కంపెనీలో అకౌంట్స్ పని చేస్తాను. బీరువా తలుపు సరిగ్గా పడనన్ని బట్టలున్నా, పొద్దున దాని ముందు నిలబడితే వేసుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది. మా తోడికోడలు ఏది కట్టినా అది ఆమె కోసమే నేసినట్టు ఉంటుంది. నాకు మాత్రం ఫలానా తీరు అంటూ లేదు. ఈ ఏడాది కొత్తవి కొనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఉన్నవాటితోనే నాకంటూ ఒక స్టైల్ ఏర్పరచుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా బీరువాను కొన్నాళ్లు అలా వదిలేయండి. అందులో మీరు ముచ్చటపడి కొన్నవి, తగ్గింపు ధరకు వచ్చాయని తెచ్చుకున్నవి, పెళ్లిళ్లలోనూ గృహప్రవేశాల్లోనూ పెట్టినవి అన్నీ కలిసిపోయి ఉంటాయి కనుక, మీ అభిరుచి ఏమిటో అది చెప్పలేదు. చెప్పగలిగింది మీ ఇస్త్రీ మూట. చాలా ఇళ్లలో ‘చీరలు 2, చుడీదార్లు 5, ప్యాంట్లు 4’ అని లెక్క రాసుకునే చీటీ ఒకటి ఉంటుంది. నాలుగు వారాల పాటు ఆ చీటీలో సంఖ్య పక్కనే మీ బట్టల రంగు, గుడ్డ రకం కూడా రాయండి. మీరు ఎన్ని బట్టలున్న మనిషైనా, ఆ నాలుగు చీటీల్లో మళ్లీమళ్లీ కనిపించేవి ఎనిమిదో పదో ఉంటాయి. మీ స్టైల్ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ పదింటినీ మంచం మీద పరిచి, రంగు సంగతి పక్కనపెట్టి, మిగతా పోలికలు చూడండి. మెడ ఎంత లోతు, చేయి ఎక్కడిదాకా ఉంది, అంచు ఎంత వెడల్పు, పిన్ను పెట్టకుండా పైట నిలుస్తుందా, మెట్రోలో నిలబడి వెళ్లినా నలగకుండా ఉంటుందా అన్నవి ఒక్కొక్కటే గమనించండి. నేను కొన్నేళ్ల కిందట ఈ పని చేసినప్పుడు, పెద్ద అంచు చీరలంటే నాకు ప్రాణమని అప్పటిదాకా అందరికీ చెప్పుకున్న నేను, కట్టేవన్నీ రెండు వేళ్ల అంచువేనని తేలి కొంచెం సిగ్గుపడ్డాను. పెద్ద అంచులను దుకాణంలో, ఇతరుల మీద చూడటం నాకు ఇష్టమన్నమాట, అంతే.

ఇక కట్టనివాటి సంగతి. పెట్టుబడి చీరలను ఈ లెక్కలోంచి తీసేయండి. వాటిని ఎంచింది మీరు కాదు. మిగిలినవాటిలో సగానికి పైగా మూలపడటానికి కారణం చీర కాదు, జాకెట్టు అన్నది నా గట్టి నమ్మకం. ఐదారేళ్ల కిందట కుట్టించిన జాకెట్టు చంక దగ్గర పట్టేస్తుంది, దాంతో చీరే నచ్చనట్టు అనిపిస్తుంది. ఒకసారి ఆ జాకెట్టును తిరగేసి పక్క కుట్టు దగ్గర చూడండి. జాగ్రత్తగల టైలర్లు లోపల కొంత గుడ్డ వదిలి, ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు వరసల కుట్లు వేస్తారు. లోపలి వరసను బ్లేడుతో మెల్లగా విప్పితే జాకెట్టు ఆ మేరకు వదులవుతుంది. నూలు గుడ్డ అయితే విప్పిన చోట తడి బట్ట వేసి ఇస్త్రీ చేస్తే పాత సూది గీత చాలావరకు పోతుంది కానీ, పట్టు మీద ఆ చుక్కలు నిలిచిపోతాయి కనుక పట్టు జాకెట్టును టైలర్‌కే అప్పగించండి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే నాలుగు జాకెట్లు వదులు చేయవచ్చు, అంటే నాలుగు చీరలు తిరిగి చేతికొచ్చినట్టే.

జాకెట్టు చీరకే పుట్టిందన్న పట్టింపు కూడా కొంత సడలించుకోండి. మాచింగ్ సెంటర్లో చీర కొంగును గుడ్డ తానుకు ఆనించి చూసి, అచ్చం అదే రంగు దొరికేదాకా వెతికే అలవాటు మనకు లోతుగా ఉంది. అంచు రంగుకు సరిపోయే జాకెట్టు ఒక చీరకే పరిమితమైపోతుంది. నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ నూలు జాకెట్లు మూడు సరైన కొలతలో ఉంటే, మీ నారాయణపేట గళ్ల చీరలకూ సాదా నూలు చీరలకూ మార్చి మార్చి వాడుకోవచ్చు. పోచంపల్లి చీరలో నేతకు ముందే నూలును కట్టి రంగులు అద్దుతారు కనుక ఒకే చీరలో మూడు నాలుగు రంగులు కలిసి ఉంటాయి. వాటిలో ఏ ఒక్క రంగు జాకెట్టు వేసినా నప్పుతుంది, చాలామంది ఈ సౌకర్యాన్ని వాడుకోరు. గద్వాల చీర మీ దగ్గర ఉంటే దాన్ని పెళ్లిళ్లకే అట్టిపెట్టకండి. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు ఉన్న ఆ చీర ఆఫీసుకూ సాయంత్రం పేరంటానికీ రెండింటికీ కుదురుతుంది.

మన ఊరి ఎండను మరచి స్టైల్ మాట్లాడుకోవడం దండగ. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంటే, లైనింగ్ వేసిన సింథటిక్ చుడీదార్ ఎంత అందంగా ఉన్నా బస్సు దిగేసరికి ఒంటికి అంటుకుపోతుంది. మీరు దాన్ని మూలపడేయడంలో తప్పేమీ లేదు. దాన్ని నవంబరు, డిసెంబరులకు పై అరలో పెట్టండి. మరోపక్క, ఆఫీసులో ఏసీ చలికి మీరు ఏదో ఒక పాత స్వెటర్ కప్పుకుంటూ ఉంటే రోజంతా ఎదుటివారికి కనిపించేది ఆ స్వెటరే. కలంకారీ దుపట్టానో, పాత పోచంపల్లి దుపట్టానో శాలువాలా కుర్చీకి వేసి ఉంచుకోండి. సాదా కుర్తా మీద నాలుగు రోజులు అదే కప్పుకుంటే, ఐదో రోజుకు అది మీ గుర్తు అయిపోతుంది.

మీ తోడికోడలి రహస్యం కూడా ఇదే అయి ఉంటుంది. ఆమె కట్టేవి ఎన్ని రకాలో వచ్చే రెండు ఫంక్షన్లలో లెక్కపెట్టి చూడండి, నాలుగైదుకు మించవని నా అనుమానం.

ఒట్టు సంగతి ఒక మాట. ఆగస్టు 7న చేనేత దినోత్సవం వస్తుంది. 2015 నుంచి ఏటా జరుపుతున్న ఆ రోజు చుట్టూ ప్రదర్శనలు, తగ్గింపులు మిమ్మల్ని పిలుస్తూనే ఉంటాయి. వెళ్లకండి అనను. నాలుగు ఇస్త్రీ చీటీలు పర్సులో పెట్టుకుని వెళ్లండి, చేతిలోకి తీసుకున్న చీర వాటిలోని ఏ బట్టకూ చుట్టం కాకపోతే మడిచి అక్కడే పెట్టేయండి.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగం నుంచి ఇటీవలే రిటైరయ్యాను. ఇరవై దాకా ఫుల్ హ్యాండ్స్ ఆఫీసు చొక్కాలు, దాదాపు అన్ని ప్యాంట్లు ఉన్నాయి. టీ షర్టులు కొనుక్కోమని పిల్లలు పోరుతున్నారు. నాకేమో అవి నప్పవు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నప్పవని తెలిసినప్పుడు కొనకండి, అది కూడా స్టైలే. మీ చొక్కాల్లో కాలరు నలిగినవాటిని తీసేసి, మిగతావాటిలో మెత్తబడిన నూలువి ఓ ఎనిమిది ఎంచుకోండి. వాటిలో నాలుగింటి చేతులను మోచేతి పైకి కత్తిరించి మడత కుట్టమని మీ వీధి చివరి టైలర్‌కు ఇవ్వండి. కత్తిరించిన ముక్కలను పారేయకుండా తెచ్చుకుంటే తర్వాత చొక్కా చిరిగిన చోట అదే గుడ్డతో అతుకు వేయించవచ్చు. టక్ చేసుకోవడానికి కుట్టిన చొక్కాలు బయటికి వదిలితే పొడవుగా వేలాడతాయి కనుక, కింద రెండు మూడు అంగుళాలు తగ్గించమని అప్పుడే చెప్పండి. ప్యాంట్లకు నడుము వెనక కుట్టులో సాధారణంగా గుడ్డ ఉంటుంది, రిటైరయ్యాక పెరిగే పొట్టకు అది అక్కరకొస్తుంది. సాయంత్రం పార్కుకు ఒక ప్యాంటు, గుడికీ బంధువుల ఇళ్లకూ రెండు చాలు. ఇంట్లో ఎలాగూ లుంగీయే కదా.