రోడ్‌మాస్టర్ కొన్న మేనల్లుడికి

చిన్నా,

నువ్వు 1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ వ్యాగన్ కొన్నావని, దాని పక్కలకున్న చెక్క గీతలు అచ్చేసిన వినైల్ (ప్లాస్టిక్) పొరంతా నీ చేత్తోనే పీకేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. డాలస్ పక్కన మీ ఫ్రిస్కోలో అందరూ కొత్త ఎస్‌యూవీలు కొంటుంటే వీడికిదేం పిచ్చి అని ఆయన బాధ. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. రాత్రికి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

బండి మాత్రం మంచిదే చూశావు. 1994 నుంచి వచ్చినవాటిలో 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజను, 260 హార్స్‌పవర్. మీకు దగ్గర్లో ఉన్న ఆర్లింగ్టన్ ప్లాంటులోనే 1996 డిసెంబరులో ఆఖరి రోడ్‌మాస్టర్ తయారైంది. ఆ తర్వాత అంత పెద్ద వ్యాగన్ బ్యూక్ మళ్లీ చేయలేదు. మీ పిల్లలు వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, వెనకొచ్చే కార్ల వాళ్లని వెక్కిరిస్తారు చూడు. వెక్కిరించనీ.

ఆ చెక్క పొరంటే నాకు కాస్త మమకారం ఉంది, దాచను. మాది ఫోర్డ్ కంట్రీ స్క్వైర్. 1950లో ఆ పేరుతో మొదట వచ్చిన బండికి నిజం చెక్కే ఉండేదట. తర్వాత స్టీలు బాడీ మీద చెక్క బొమ్మ అచ్చేసిన ఫిల్మ్ అంటించి 1991 దాకా అమ్మారు. హ్యూస్టన్ ఎండకి మా దాని పొర బీటలు తీసింది. అయినా దాంట్లోనే పేర్లాండ్ మీనాక్షి గుడికి వెళ్లేవాళ్లం, వెనకాల ఎదురెదురు సీట్లలో మా పిల్లలు, పక్కింటి పిల్లలు, మధ్యలో పులిహోర గిన్నె. నీకు ఆ పొర నచ్చకపోతే తీసెయ్. బీటలు పడ్డ దాన్ని ఉంచుకోమని నేను చెప్పను.

ముందు బండి కడుగు. ఎండలో కాదు, నీడలో పని చెయ్. పొర చుట్టూ ఉన్న పట్టీలను పీకే ముందు అవి క్లిప్పుల మీద ఉన్నాయో, జిగురు మీద ఉన్నాయో చూసుకో. ఆ ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, లాగితే విరుగుతుంది. ఏ పట్టీ ఎక్కడిదో టేపు మీద రాసి అంటించు. విరిగిన క్లిప్పుని కూడా పారేయకు, కొత్తది వెతకడానికి అదే నమూనా.

కడిగాక, ఏదైనా పీకే ముందు, వెనక తలుపు కింది అంచు దగ్గర, ఎవరికీ కనపడని చోట ఒక మూల ఎత్తి చూడు. కింద రంగు గట్టిగా ఉందా, వినైల్‌తో పాటు పెచ్చులూడి వస్తోందా? పెచ్చులొస్తే అక్కడితో ఆపి పెయింట్ షాపులో ధర అడుగు. పక్కలకి రంగు వేయించే డబ్బు చేతిలో లేకుండా మిగతాది పీకితే, బండి సగం గొరిగిన తలలా నెలల తరబడి వాకిట్లో ఉంటుంది. మీ ఆవిడ ఒప్పుకోదు.

ఇక అసలు సంగతి. మీ మావయ్య చేసిన పని నీకెవరూ చెప్పి ఉండరు, ఆయనే చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఆయన లేరు, చెప్తాను.

మా బండి పొర ఎండ తగలని వైపు పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చేసింది. రోజూ పడమటెండ తగిలిన వైపు మాత్రం గోరంత ముక్కలు. ఆయనకి ఓపిక తక్కువ. ఎలాగోలా పొర లాగేశారు గానీ జిగురంతా బాడీ మీదే ఉండిపోయింది. జిగురు తీసే మందు సీసా ధర చూసి, ఇంత చిన్న సీసాకా అని విసుక్కుని ఇంటికొచ్చారు. లాన్ మోవర్ కోసం ఉంచిన పెట్రోలు డబ్బా గరాజ్‌లోనే ఉంది. దాన్ని ప్లాస్టిక్ బేసిన్‌లో పోసుకుని, గుడ్డ ముంచి రుద్దడం మొదలుపెట్టారు. జిగురు బాగానే కరిగింది, ఆయన మురిసిపోయారు కూడా. బయట వాన, పైగా వాకిట్లో కారు పని చేస్తే కాలనీ వాళ్లు ఉత్తరాలు పంపిస్తారని గరాజ్ తలుపు దించేశారు.

టెక్సస్‌లో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ ఎక్కడుంటుంది? గరాజ్ మూలన. మా దాని అడుగున పైలట్ లైట్ అనే చిన్న మంట రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీదే పాకుతుంది. మావయ్య బండికి ఈ పక్క, హీటరు ఆ పక్క. అంత దూరంలో మంట ఉంటే మనకేం అనుకున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. 'భుస్' మని ఒక్క శబ్దం. తలుపు తీసేసరికి నేలంతా నీలంగా మంట, ఆయన లుంగీ అంచు అంటుకుని ఉంది. కేకేశాను. పక్కింటాయన పరిగెత్తుకొచ్చి పెద్ద తలుపు పైకెత్తి, తన కారులోని మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్ తెచ్చి కొట్టాడు. ఆ మనిషికి నేను ఇప్పటికీ పండక్కి అరిసెలు పంపిస్తాను.

రెండు చేతులు, ఒక కాలు కాలాయి. కట్లు విప్పేదాకా నేనే అన్నం కలిపి నోట్లో పెట్టాను. ఉప్పు తక్కువైందని సణిగేవారు, నేను తిట్టేదాన్ని, మళ్లీ ముద్ద పెట్టేదాన్ని. ఆ సీసా కొనుంటే ఏం పోయేదని ఒక్కసారే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మా గరాజ్‌లో పెట్రోలు డబ్బా ఉంచలేదు.

కొత్త హీటర్లకి రక్షణ ఉంటుంది అత్తయ్యా, మంట నేలకి 18 అంగుళాల ఎత్తులో ఉంటుంది అంటావు. ఆ 18 అంగుళాల నియమం ఇలాంటి ఆవిరి వల్లే వచ్చింది. అయినా పొయ్యకూడనిది పొయ్యనప్పుడే ఆ ఎత్తు నిన్ను కాపాడుతుంది. కాబట్టి పెట్రోలు వద్దు, లాకర్ థిన్నర్ వద్దు. ఎసిటోన్ అసలు ముట్టుకోకు, రంగు కూడా కరుగుతుంది. జిగురు తీసేందుకు అమ్మే మందు గానీ, మినరల్ స్పిరిట్స్ అనే ద్రావకం గానీ వాడు. అది కూడా మండేదే, అందుకని పని చేసినంతసేపూ గరాజ్ తలుపు పూర్తిగా తీసి ఉంచు, హీటర్ గ్యాస్ కట్టెయ్. కాలనీ వాళ్లు ఉత్తరం పంపితే నాకు పంపించు, జవాబు నేను రాస్తాను.

పొర తీసే పద్ధతి ఇది. వేడిగాలి ఊదే హీట్ గన్ ఒకే చోట నిలపకు, ఊపుతూ ఉండు. వినైల్ మెత్తబడాలి, చెయ్యి ఆనిస్తే వెంటనే తీసేసేంత వేడి చాలు. పొగ వచ్చిందంటే కింద రంగు పోయినట్టే. మూల ఎత్తి, బయటికి కాకుండా వెనక్కి మడిచి, బాడీకి ఆనుకుని మెల్లగా లాగు. తొందరపడి గుంజితే పొర చిరుగుతుంది, జిగురు బాడీకే ఉండిపోతుంది. స్టీలు చాకు వద్దు, ప్లాస్టిక్ బ్లేడు వాడు. చిన్న ముక్కలుగా వచ్చే చోట డ్రిల్‌కి పెట్టుకునే రబ్బరు ఇరేజర్ వీల్ దొరుకుతుంది, దాని మీద రాసిన వేగం దాటించకు, ఒక చోట ఆపకు. మూలల్లో రంగు పలచగా ఉంటుంది, అక్కడ చేత్తోనే.

పొర పోయాక ఇంకో తలనొప్పి ఉంది. దాని కింద రంగు ఎండ చూడనిది, చుట్టూ ఉన్న రంగు వెలిసినది. పొర అంచు ఉన్న చోట గీత కనిపిస్తుంది. వెలిసిన వైపు కాంపౌండ్ పాలిష్ చేస్తే కొంత కలుస్తుంది, పూర్తిగా కలవకపోవచ్చు. పట్టీలు బిగించిన చోట రంధ్రాలుంటే వాటి చుట్టూ తుప్పు చూడు. తుప్పు గీకకుండా బాడీ ఫిల్లర్ పూసేయకు, రెండు వానాకాలాలకే బుడగలొస్తాయి. చిన్న రంధ్రాలు వెల్డింగ్ చేయించడమే మేలు.

టెయిల్‌గేట్ మీద పొర ఆఖర్న తియ్. అక్కడ వంపులు ఎక్కువ, పక్కల మీద చెయ్యి తిరిగాక తేలిక.

పిల్లల్ని ఆ రోజు గరాజ్‌లోకి రానివ్వకు. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కాళ్లకి బూట్లు వేసుకో. లుంగీ కట్టుకున్నావంటే డాలస్ వచ్చి మరీ తంతాను. ఎక్స్‌టింగ్విషర్ కొన్నాక ఫోటో పంపు, అది చూశాకే నువ్వు మొదలుపెట్టాలి. శనివారం పొద్దున ఏడింటికి నేను లేచే ఉంటాను, ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకో.

మీ అత్తయ్య